రోస్టర్ రోజూ మారుతుంటే యూనియన్ ఏం చేయగలదు?

ప్రశ్న అడిగిన అమ్మాయిది హన్మకొండ. శంషాబాద్ బేస్‌గా ఒక ప్రైవేటు ఎయిర్‌లైన్‌లో క్యాబిన్ క్రూ, అంటే ఎయిర్‌హోస్టెస్. నెల రోస్టర్, అంటే డ్యూటీల పట్టిక, చేతికొచ్చాక కూడా వారంలో రెండు మూడు సార్లు మారుతోందట. వీక్లీ ఆఫ్ కదా అని ఇంటికి బయలుదేరితే రైలు జనగామ దాటకముందే ఫోన్: ‘రేపు తెల్లవారుజామున స్టాండ్‌బై (పిలిస్తే ఎగరడానికి సిద్ధంగా ఉండాలి), వెనక్కి వచ్చెయ్.’ సీనియర్లేమో యూనియన్ మాటెత్తితే ఉద్యోగం పోతుందంటున్నారు. ఇంట్లో సర్దుకుపొమ్మంటున్నారు. ఇలాంటి విషయాల్లో యూనియన్ నిజంగా ఏం చేస్తుంది, మా దగ్గర యూనియనే లేదు కదా, అప్పుడు దారేంటి అన్నది ప్రశ్న.

చెల్లె, నేను చాలా ఏళ్లు క్యాబిన్ క్రూగా పనిచేశాను. అందులో ఎక్కువ కాలం యూనియన్ తరఫున రోస్టర్ ఫిర్యాదులే చూశాను. ఇప్పుడు ఉండేది కాజీపేటలో. నీ ప్రశ్నకు రెండు లైన్లలో జవాబిచ్చి వదిలేయబుద్ధి కాలేదు. కాస్త ఓపిగ్గా చదువు.

యూనియన్ అనగానే అందరికీ జెండాలు, గేటు ముందు ధర్నా గుర్తొస్తాయి. రోస్టర్ విషయంలో యూనియన్ పని చాలావరకు కాగితాల పని. ఒక్కొక్కరు ‘నా ఖర్మ’ అనుకుని మింగేసిన సంగతులను తేదీలతో, టైమింగ్స్‌తో ఒకచోట పెట్టాలి. ఇది ఒకరి ఖర్మ కాదు, మీరు రోస్టర్ వేసే పద్ధతే ఇలా ఉందని యాజమాన్యానికి చూపించాలి. అలా చూపించలేని యూనియన్ ఎంత గట్టిగా అరిచినా షెడ్యూలింగ్ వాళ్లు లెక్కచేయరు.

ఎవరైనా ఫిర్యాదుతో మా దగ్గరికి వస్తే ముందు తేల్చుకునేది ఒకటే, ఇది ఏ రకం ఫిర్యాదు అని. విమానయానాన్ని నియంత్రించే ప్రభుత్వ సంస్థ డీజీసీఏ పెట్టిన నిబంధనను దాటారా? కంపెనీ తానే రాసుకున్న పాలసీనో, యూనియన్‌తో చేసుకున్న ఒప్పందాన్నో దాటారా? లేక ఏ రూలూ దాటకుండానే అన్యాయం చేశారా? మూడింటికీ వెళ్లాల్సిన చోట్లు వేరు. ఒక చోట చెప్పాల్సింది ఇంకో చోట చెబితే నెలలు గడిచిపోతాయి, పైగా ‘ఊరికే కంప్లయింట్లు చేస్తుంది’ అన్న పేరొస్తుంది.

మొదటిది డీజీసీఏ. ఎన్ని గంటలు ఎగరొచ్చు, డ్యూటీ మొత్తం ఎంతసేపు ఉండొచ్చు, మధ్యలో రెస్ట్ ఎంత, వారానికి విశ్రాంతి ఎంత, వీటన్నిటికీ హద్దులు పెట్టేది వాళ్లే. మనం ఎఫ్‌డీటీఎల్ అనేది దీన్నే. ఇక్కడ చాలామంది క్రూ పొరబడతారు. పైలట్ల నిబంధనలు వేరు, క్యాబిన్ క్రూ నిబంధనలు వేరు. పైలట్లకు వారపు విశ్రాంతి 36 గంటల నుంచి 48 గంటలకు పెరిగింది, రాత్రి ల్యాండింగ్‌ల పరిమితి 6 నుంచి 2కు తగ్గింది. అది ఎవరో దయతలచి ఇచ్చింది కాదు. పైలట్ల సంఘాలు ఢిల్లీ హైకోర్టులో కొట్లాడితే 2025 జులై 1 నుంచి కొంత, నవంబర్ 1 నుంచి మిగతాది అమల్లోకి వచ్చింది. ఆ వెంటనే డిసెంబర్‌లో ఇండిగో విమానాలు వేలల్లో రద్దయ్యాయి. కొత్త నిబంధనలకు తగ్గట్టు పైలట్లను సిద్ధం చేసుకోకపోవడం అందుకు పెద్ద కారణం. చివరికి డీజీసీఏ కొన్ని సడలింపులు ఇవ్వాల్సి వచ్చింది. ఆ గొడవంతా టీవీల్లో చూసి మన క్రూలో చాలామంది 48 గంటలు తమకూ వచ్చాయనుకున్నారు. ఆ అంకె పట్టుకుని నువ్వు వాదనకు దిగితే మొదటి మాటకే నోరు మూయిస్తారు. నీకు వర్తించేవి మీ కంపెనీ ఆపరేషన్స్ మాన్యువల్‌లో క్యాబిన్ క్రూ డ్యూటీ, రెస్ట్ అధ్యాయంలో ఉంటాయి. ఆ పేజీలు చదివి, ఫోన్లో పెట్టుకో. నీకన్నా నీ రూల్స్ షెడ్యూలింగ్ వాళ్లకే బాగా తెలిసి ఉండడం మంచిది కాదు.

ఈ హద్దులను మార్పించడం కూడా యూనియన్ల పనే, కానీ ఏళ్లు పడుతుంది. అమెరికాలో ఫ్లైట్ అటెండెంట్లకు రెండు డ్యూటీల మధ్య 9 గంటల రెస్ట్ ఉండేది. దాన్ని కూడా 8కి కుదించే వీలుండేది. 10 గంటలు ఇవ్వాలని, కుదించే వీలు ఉండకూడదని అక్కడి యూనియన్లు వెంటపడగా 2018లో చట్టం వచ్చింది. అది రూలుగా మారేసరికి 2022 అయింది.

రెండోది కంపెనీ సొంత రూల్స్. ఆఫ్ రద్దు చేయాలంటే ఎంత ముందు చెప్పాలి, ఎవరి అనుమతి ఉండాలి, రద్దు చేసిన ఆఫ్‌ను ఎన్ని రోజుల్లో తిరిగి ఇవ్వాలి, స్టాండ్‌బైలో ఉన్నవాళ్లను ఎంతసేపట్లో రిపోర్ట్ చేయమనొచ్చు, ఇవన్నీ చాలా కంపెనీల్లో ఎక్కడో ఒకచోట రాసే ఉంటాయి. ఒప్పందం ఉన్న చోట యూనియన్ ఈ పేజీలనే చూపించి అడుగుతుంది. నువ్వు చెప్పిన జనగామ ఫోన్ వ్యవహారం ముందుగా పరీక్షించాల్సింది ఇక్కడే. ఇంకోటి కూడా గుర్తుపెట్టుకో. పని గంటలు, విశ్రాంతి వేళలు, షిఫ్టుల పద్ధతి మార్చాలంటే యాజమాన్యం 21 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. పాత పారిశ్రామిక వివాదాల చట్టంలో ఇది 9ఏ సెక్షన్. 2025 నవంబర్ 21న అమల్లోకి వచ్చిన పారిశ్రామిక సంబంధాల కోడ్‌లో 40వ సెక్షన్. రేపటి నీ ఒక్క ఫ్లైట్ మారిందని దీన్ని వాడలేం. బేస్‌లో స్టాండ్‌బై పద్ధతినే మార్చేసినా, ఆఫ్‌ల అమరికను మొత్తంగా మార్చేసినా అప్పుడు పనికొస్తుంది.

మూడోదే అసలు కష్టం. ఏ రూలూ దాటలేదు, అయినా నీ రోస్టర్ నిన్ను పిండేస్తోంది. నాలుగు రోజులు తెల్లవారుజాము డ్యూటీలు, వెంటనే రెండు రాత్రి డ్యూటీలు, తర్వాత ఒకే ఒక్క ఆఫ్. గంటలు లెక్కేస్తే అంతా హద్దులోపలే ఉంటుంది. దీనిమీద డీజీసీఏకు రాస్తే జవాబేమొస్తుంది? నిబంధనల ఉల్లంఘన లేదని వస్తుంది. ఇక్కడ యూనియన్ తప్ప వేరే దిక్కు లేదు. బలమైన యూనియన్ ఉన్న చోట రోస్టర్ కమిటీ ఉంటుంది. అది షెడ్యూలింగ్ వాళ్లతో తరచూ కూర్చుంటుంది. రాత్రి ఫ్లైట్లు అందరికీ సమానంగా పడుతున్నాయా, స్టాండ్‌బైలు కొందరికే పడుతున్నాయా, స్వాప్ (ఇద్దరు డ్యూటీలు మార్చుకోవడం) అడిగితే ఎందుకు తిప్పి పంపుతున్నారు, ఇవే అక్కడి చర్చలు.

మాలాంటి వాళ్లకు, అంటే ఊరు దూరం ఉన్నవాళ్లకు, అన్నిటికన్నా పెద్ద విషయం రెండు ఆఫ్‌లు కలిపి ఇవ్వడం. శంషాబాద్ నుంచి పుష్పక్ బస్సు ఎక్కి, సికింద్రాబాద్‌లో రైలు పట్టుకుని, కాజీపేటలో దిగి ఇంటికి చేరేసరికి సగం రోజు పోతుంది. ఒక్క రోజు ఆఫ్‌లో అమ్మ చేతి అన్నం తిని మళ్లీ బ్యాగు సర్దుకోవడమే. కానీ ఇది అడిగినప్పుడు సొంత సభ్యులే ఎదురు తిరుగుతారు. హైదరాబాద్‌లో చిన్నపిల్లలున్న క్రూకు రెండు ఆఫ్‌లు కలిపి ఒకసారి ఇవ్వడం కన్నా విడివిడిగా రెండు సార్లు ఇవ్వడమే నయం. రెండు వర్గాలనూ ముందు కూర్చోబెట్టి ఒప్పించకుండా యాజమాన్యం దగ్గరికి వెళ్తే, వాళ్లు ‘మీలో మీకే ఒప్పందం లేదు’ అని ఫైలు మూసేస్తారు. కావాలనుకున్న వాళ్లకు కలిపి, వద్దన్న వాళ్లకు విడిగా ఇచ్చే ఐచ్ఛిక పద్ధతి అడగడమే నా దృష్టిలో సరైనది. యాజమాన్యంతో బేరం కన్నా సభ్యులతో బేరమే ఎక్కువసార్లు కష్టంగా ఉంటుందని బయటివాళ్లకు తెలియదు.

యూనియన్ పని దగ్గర నుంచి చూస్తే ఎలా ఉంటుందో ఒక కేసు చెబుతాను. కంపెనీ పేరు చెప్పను. మంచిర్యాల వైపు నుంచి వచ్చిన అమ్మాయి. ఆమె ఫిర్యాదు వినడానికి చాలా చిన్నది: ‘కాగితం మీద రెస్ట్ సరిగ్గానే ఉంటోంది అక్కా, నాకు నిద్ర మాత్రం సరిపోవట్లేదు.’ రోస్టర్ తీసి చూస్తే ఎక్కడా తప్పు దొరకలేదు. అప్పుడు విమానం ఆగిన క్షణం నుంచి మంచం ఎక్కేదాకా ఏం జరుగుతుందో నిమిషం నిమిషం చెప్పమన్నాం. విషయం అక్కడ బయటపడింది. ఆ ఫ్లైట్‌లో వీల్‌చైర్ ప్రయాణికులు ఎక్కువ. అందరూ దిగిపోయాక వాళ్లు ఆంబులిఫ్ట్ (వీల్‌చైర్‌ను విమానం నుంచి కిందికి దించే లిఫ్టు బండి) కోసం కూర్చుని ఉంటారు. విమానంలో ప్రయాణికుడు ఉండగా క్రూ దిగడానికి వీల్లేదు. కంపెనీ యాప్ మాత్రం ఆగిన విమానం కదలకుండా చక్రాలకు చాక్స్ (అడ్డుదిమ్మలు) పెట్టిన టైముకు కొన్ని నిమిషాలు కలిపి, డ్యూటీ అయిపోయిందని తనంతట తానే రాసేసుకుంటోంది. ఆ అమ్మాయి ఇంకా ఎల్-1 డోర్ (ముందు ఎడమవైపు తలుపు) దగ్గర నిలబడి ముసలావిడ చెయ్యి పట్టుకుని ఉంది, యాప్ లెక్కలో ఆమె అప్పటికే రెస్ట్‌లో ఉంది.

ఇది చెబితే సరిపోదు, చూపించాలి. ఆ ఫ్లైట్లు చేసే వాళ్లందరినీ మూడు టైములు రాసుకోమన్నాం: చాక్స్ పెట్టింది ఎప్పుడు, చివరి ప్రయాణికుడు దిగింది ఎప్పుడు, పికప్ వ్యాన్ కదిలింది ఎప్పుడు. నెలాఖరున ఆ చీటీలన్నీ నేల మీద పరిచి, క్యాబిన్ ఇన్‌చార్జ్ రాసే రిపోర్టుల్లోని వీల్‌చైర్ల సంఖ్యతో పక్కపక్కన పెట్టి చూశాం. వీల్‌చైర్లు ఎక్కువున్న రోజే ఆలస్యం ఎక్కువ. క్యాబిన్ రిపోర్ట్ కంపెనీ సొంత కాగితం కాబట్టి మా చీటీలు అబద్ధమనే వీలు లేకపోయింది. చివరికి ఆ ఫ్లైట్లకు అసలు దిగిన టైమే రాయాలని, తర్వాతి డ్యూటీ దాన్నిబట్టే లెక్కించాలని ఒప్పుకున్నారు. గేటు ముందు ఒక్క నినాదం లేదు. ఆ అమ్మాయి పేరు కూడా ఎక్కడా బయటికి రాలేదు. ఫిర్యాదు వెళ్లింది యూనియన్ పేరు మీద.

నేల మీద గడిచే ఈ టైమును కంపెనీలు సరిగ్గా రాసుకోకపోవడానికి కారణం ఉంది. చాలాచోట్ల క్రూకు డబ్బు విమానం కదిలిన గంటలకే లెక్క. లెక్కలో డబ్బు లేని నిమిషాన్ని ఎవరూ పట్టించుకోరు. 2025 ఆగస్టులో ఎయిర్ కెనడాలో సుమారు పది వేల మంది ఫ్లైట్ అటెండెంట్లు సమ్మెకు దిగింది ముఖ్యంగా దీనిమీదే, నేల మీద చేసే పనికి జీతం లేదని. ప్రభుత్వం పనిలోకి వెళ్లమని ఆదేశించినా వెంటనే వెళ్లలేదు, ఒప్పందం కుదిరాకే వెళ్లారు.

రికార్డు గురించి ఇంత చెప్పడానికి కారణం, నేను పెరిగింది రైల్వే క్వార్టర్స్‌లో. అప్పట్లో డ్రైవర్ల ఇళ్లకు అర్ధరాత్రి కాల్ బాయ్ వచ్చి తలుపు కొట్టేవాడు. ఊరికే పిలిచి పోయేవాడు కాదు. కాల్ బుక్ తెరిచి, ఎన్ని గంటలకు పిలిచాడో, ఎన్నింటికి లాబీకి, అంటే డ్యూటీ ఎక్కే ఆఫీసుకు, రావాలో చూపించి సంతకం తీసుకునేవాడు. రెస్ట్ ఇవ్వకుండా పిలిచారని తర్వాత గొడవొస్తే ఆ సంతకం పక్కనున్న టైమే సాక్ష్యం. నీ ఫోన్‌కు వచ్చే కాల్‌కు అలాంటి పుస్తకం లేదు. కాబట్టి నువ్వే పెట్టుకో. మొదట ప్రకటించిన రోస్టర్‌ను వచ్చిన రోజే స్క్రీన్‌షాట్ తీసి పెట్టు, మారాక పాతది యాప్‌లో కనిపించదు. డ్యూటీ మార్పులు చెప్పే క్రూ కంట్రోల్ నుంచి ఫోన్ వస్తే టైము, మాట్లాడినవాళ్ల పేరు, చెప్పిన కారణం రాసుకో. కాల్ అయ్యాక ‘మీరు ఇప్పుడు ఫోన్లో చెప్పిన ప్రకారం నా ఆఫ్ రద్దు చేసి స్టాండ్‌బై వేశారు, దయచేసి ధ్రువీకరించండి’ అని మర్యాదగా ఒక మెయిల్ పెట్టు. చాలాసార్లు ఆ మెయిల్‌కే మార్పు వెనక్కి పోతుంది, ఎందుకంటే ధ్రువీకరించే ధైర్యం అవతలివాళ్లకు ఉండదు. కంపెనీ రహస్య పత్రాలు, ప్రయాణికుల వివరాలు మాత్రం ఫోటో తీయొద్దు. అది వేరే తలనొప్పి తెచ్చిపెడుతుంది.

ఇంకో ముఖ్యమైన సంగతి. డ్యూటీ మార్పు తప్పని నీకు గట్టిగా తెలిసినా, అక్కడికక్కడ ‘నేను రాను’ అనకు. ముందు డ్యూటీ చెయ్, తర్వాత ఫిర్యాదు చెయ్. చాలా క్రూ యూనియన్లు సభ్యులకు చెప్పే మొదటి మాట ఇదే. డ్యూటీ ఎగ్గొడితే చర్చ రోస్టర్ మీద నుంచి నీ క్రమశిక్షణ మీదకు మళ్లిపోతుంది, అక్కడ యూనియన్ చేతులు సగం కట్టేసినట్టే. దీనికి ఒకే మినహాయింపు ఉంది, అందులో రాజీ పడొద్దు. నిజంగా నిద్ర లేక, ఒంట్లో బాగాలేక విమానంలో భద్రత పని చేయలేని స్థితిలో ఉంటే ‘నేను ఫ్లైట్‌కు ఫిట్‌గా లేను, ఫెటీగ్ (అలసట) రిపోర్ట్ ఇస్తున్నాను’ అని చెప్పు, అదే రోజు రాసి పంపు. ట్రేలు అందించడమే మన పని అనుకునేవాళ్లు అనుకోనీ. పొగ నిండిన క్యాబిన్‌లో 90 సెకన్లలో జనాన్ని దించాల్సింది మనమే. రిపోర్ట్ కాపీ దాచుకో. వెంటవెంట వేసే అవే రెండు ఫ్లైట్ల మీద పదిమంది ఫెటీగ్ రిపోర్టులు ఉంటే యూనియన్ చేతిలో అంతకన్నా బలమైన కాగితం లేదు.

అందరం కలిసి ఒకేసారి సిక్ లీవ్ పెడితే దిగొస్తారు కదా అని నీ బ్యాచ్‌లో ఎవరో ఒకరు అనే ఉంటారు. 2024 మేలో ఎయిర్ ఇండియా ఎక్స్‌ప్రెస్‌లో ఏం జరిగిందో చూడు. యాజమాన్యం తీరు మీద నిరసనగా రెండు వందల మందికి పైగా క్రూ ఒకేసారి సిక్ అయ్యారు, విమానాలు పదుల సంఖ్యలో ఆగిపోయాయి, 25 మందిని తీసేశారు. మే 9న ఢిల్లీలో చీఫ్ లేబర్ కమిషనర్ ముందు యూనియన్, కంపెనీ కూర్చున్నాకే ఆ 25 మందిని వెనక్కి తీసుకోవడానికి ఒప్పుకున్నారు. వాళ్లకు అప్పటికే రిజిస్టరైన యూనియన్ ఉంది, వెనక బీఎంఎస్ (భారతీయ మజ్దూర్ సంఘ్) అనే జాతీయ కార్మిక సంఘం ఉంది. అవేవీ లేకుండా మీరు అదే పని చేస్తే ఆ 25 మంది తరఫున ఢిల్లీలో కూర్చునేదెవరు? పైగా ఇప్పుడున్న పారిశ్రామిక సంబంధాల కోడ్ ప్రకారం సగం మందో, అంతకన్నా ఎక్కువో కూడబలుక్కుని ఒకే రోజు క్యాజువల్ లీవ్ పెట్టినా అది సమ్మె కిందే లెక్క. సమ్మెకు 14 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి, రాజీ చర్చలు నడుస్తుండగా దిగకూడదు. సమ్మె హక్కు వదులుకోమని నేను చెప్పను. దాన్ని కోపంతో, వాట్సాప్ గ్రూపులో నిర్ణయించొద్దని చెబుతున్నాను.

ఇక మీ దగ్గర యూనియన్ లేదన్నావు. ముందు ఒకటి కనుక్కో. 20 మంది, అంతకు మించి కార్మికులున్న ప్రతి సంస్థలో ఫిర్యాదుల పరిష్కార కమిటీ ఉండాలని కోడ్ చెబుతోంది. అందులో యాజమాన్యం, కార్మికులు సమానంగా ఉండాలి, ఆడవాళ్లకు తగిన చోటు ఉండాలి. సంఘటన జరిగిన ఏడాదిలోపు దరఖాస్తు చేయొచ్చు, కమిటీ 30 రోజుల్లో తేల్చాలి. తేల్చకపోయినా, తేల్చింది నచ్చకపోయినా 60 రోజుల్లోపు యూనియన్ ద్వారా కన్సిలియేషన్ ఆఫీసర్ (రాజీ కుదిర్చే ప్రభుత్వ అధికారి) దగ్గరికి వెళ్లొచ్చు. మీ బేస్‌కు ఆ కమిటీలో ఎవరున్నారో హెచ్‌ఆర్‌కు మెయిల్ పెట్టి అడుగు. ఆ ప్రశ్న అడిగినందుకు ఎవరూ నిన్ను ఏమీ అనలేరు.

యూనియన్ పెట్టుకోవాలంటే ఏడుగురు కలిసి దరఖాస్తు చేయొచ్చు. అయితే అప్పటికి సంస్థలోని కార్మికుల్లో పది శాతమో, వంద మందో, ఏది తక్కువైతే అంతమంది సభ్యులుగా ఉండాలి. ఒకటికన్నా ఎక్కువ యూనియన్లు ఉన్న చోట యాజమాన్యం ఏకైక చర్చల యూనియన్‌గా గుర్తించాలంటే 51 శాతం కార్మికుల మద్దతు కావాలి. అది దూరపు మాట, మొదట వంద మందిని చూసుకోండి. యూనియన్‌లో చేరినందుకు తీసేయడం, బదిలీ చేయడం, కావాలని చెడ్డ డ్యూటీలు వేయడం చట్టం దృష్టిలో అక్రమ కార్మిక విధానాలు. చట్టం ఉంది కదా అని ఎవరూ వేధించరని నీకు మాటివ్వలేను. ప్రొబేషన్‌లోనో, కాంట్రాక్టు రెన్యువల్ దగ్గరలోనో ఉన్నవాళ్లు ముందు నిలబడొద్దని, కన్ఫర్మ్ అయిన సీనియర్లు సంతకాలు పెట్టాలని మాత్రం గట్టిగా చెబుతాను. నీది రెండో సంవత్సరం కాంట్రాక్టు అయితే నువ్వు చీటీలు పోగుచెయ్, పేరు వాళ్లను పెట్టనివ్వు.

మరో తప్పు జరగకుండా చెబుతున్నాను. వరంగల్‌లో ఉన్న కార్మిక శాఖ ఆఫీసుకు వెళ్లి ఫిర్యాదు ఇవ్వొద్దు. అది రాష్ట్ర ప్రభుత్వానిది. విమాన రవాణా కేంద్రం పరిధిలోది కాబట్టి నీ వివాదం వెళ్లాల్సింది హైదరాబాద్‌లోని కేంద్ర రీజినల్ లేబర్ కమిషనర్ దగ్గరికి. ఇక్కడ ఇచ్చి, వాళ్లు ‘మా పరిధి కాదు’ అని తిప్పి పంపేదాకా రెండు నెలలు పోగొట్టుకున్నవాళ్లు నాకు తెలుసు.

అమ్మానాన్నలు సర్దుకుపొమ్మంటే కోపం తెచ్చుకోకు. వరంగల్ దగ్గరి మామునూరు ఎయిర్‌పోర్టుకు కేంద్రం ఒప్పుకున్నాక మన దగ్గర ఈ ఉద్యోగం మీద మోజు ఇంకా పెరిగింది. బిడ్డ విమానంలో తిరుగుతోందని నలుగురికీ చెప్పుకుంటున్న వాళ్లకు రాత్రి రెండింటికి పీజీ గదిలో అలారం పెట్టుకుని లేవడం ఎలా ఉంటుందో తెలియదు. ఈసారి వచ్చినప్పుడు ఒక నెల రోస్టర్ వాళ్ల ముందు పెట్టి చూపించు.

నువ్వు రాసినదాన్ని బట్టి ఆఫ్ రద్దు వ్యవహారం రెండో రకమో, మూడో రకమో చెప్పలేకపోతున్నాను. గత రెండు నెలల్లో ఎన్ని ఆఫ్‌లు రద్దయ్యాయి, ఫోన్ ఎంత ముందు వచ్చింది, వాటి బదులు ఆఫ్ మళ్లీ ఇచ్చారా లేదా, స్టాండ్‌బై తర్వాత నిజంగా ఫ్లైట్ వేశారా, ఈ నాలుగు సంగతులు రాయి. కంపెనీ పేరు, ఫ్లైట్ నంబర్లు పెట్టొద్దు. అవి చూసి ముందు ఎవరికి రాయాలో, మెయిల్ ఎలా రాయాలో చెబుతాను.